ఏటి యొడ్డున జంతుశాస్త్రము

వానలు వెనుకబట్టి మహేంద్రతనయ నీరు తేటపడు శరత్కాలమున మన పర్లాకిమిడి విద్యార్థులను ఏటి యొడ్డునకు గొనిపోవలెనని నా యభిప్రాయము. ఇది తుపానుల ఋతువని తల్లిదండ్రులు జంకుట సహజమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాకు దెచ్చిన వరద మరువరానిది. కావున వాన లేని దినమున, చీలమండల లోతు నీటనే, ఉపాధ్యాయుని కనుసన్నలలో చూడవలెను. రాయి నొకదానిని తిరుగవేసినచో, ఇసుక రేణువులను తన నోటి పట్టుదారముతో నతికి గూడు కట్టుకొను పురుగు, క్రింది పెదవిని విసరి యెరను బట్టు తూనీగ డింభకము కానవచ్చును. (తూనీగ బాల్యమంతయు నీటనే యని యెందరికి దెలియును?) వీనికి పుస్తకమున శాస్త్రనామములు గలవు, వీధిలో ఒడియా పేర్లు వినవచ్చును. ఇంటి పెద్దలు తెలుగున నేమందురో అడిగి మన పిల్లలు వ్రాసికొననిచో మఱి యెవ్వరును వ్రాయరు. పరీక్షకు రాదని దీనిని మానరాదు. చూచిన ప్రాణిని నీటనే విడిచి, రాతిని మునుపటివలెనే బోర్లింపవలెను.