నల్ల రంగు కొడితే తుప్పు చస్తదా?

పోస్టు జర పొడుగైతది. డ్రైవర్ తమ్ముళ్ళు మాత్రం ఓపిక లేకున్నా చదవాలె.

మొన్న మనోళ్ళ గ్రూపుల ఒక వీడియో తిరిగింది. సనాయాలో ఒక లారీని గుంత మీదికి ఎక్కించి, కింద మొత్తం నల్ల రంగు స్ప్రే కొడుతున్నరు. కడిగింది లేదు, గీకింది లేదు. జంగు మీదనే రంగు. అరగంటల చాసిస్ షోరూం బండి లెక్క మెరుస్తున్నది. కింద రాసిండు, "ఫహస్‌కు పోయే ముందు ఇట్ల చేయండి, ఒక్కసారికే పాస్" అని. దానికి మస్తు మంది దండాలు, చప్పట్లు పెట్టిండ్రు. అందులో నాతో పని చేసినోళ్ళు కూడా ఉన్నరు. నాకు కడుపు మండి ఇది రాస్తున్న.

నేను మెకానిక్‌ను కాదు. పదో తరగతి చదివి, సెంట్రింగ్ పని నేర్చుకుని, ఇప్పుడు దమ్మాం పక్కన సైటు సూపర్‌వైజర్‌గా ఉన్న. అయితే ఇనుము సంగతి నాకు తెలుసు. మా సైటుల స్లాబు పోసే ముందు కన్సల్టెంట్ వచ్చి సలాకల మీద చెయ్యి పెట్టి చూస్తడు. పైపైన ఎర్రగ ఉంటే ఏమనడు, అంతమాత్రం తుప్పుతో కాంక్రీటు పట్టుకు నష్టం లేదు. పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం వైర్ బ్రష్ కొట్టేదాక పోయనియ్యడు. సలాక సన్నబడితే తీసి పారేయమంటడు. మంచిదే. కానీ అదే సలాకలు మోసుకొచ్చిన లారీ కిందికి వంగి చూసేటోడు ఒక్కడు లేడు. మనుషులను మోసుకొచ్చే బండి కిందికి అసలే చూడరు.

అమెరికాల ఉన్న మా ఊరి అతను ఒకసారి అడిగిండు, "మాకంటే మంచు కరగాలని రోడ్డు మీద ఉప్పు చల్లుతరు, వాన పడని మీ ఎడారిల తుప్పు ఎక్కడిది?" అని. అన్నా, మాకు ఉప్పు చల్లే పని లేదు, నేలల్నే ఉంది. ఇక్కడ సముద్రం ఒడ్డు పొంటి సబ్ఖా నేలలు. పైన తెల్లగ పొర కడితే కొత్తోళ్ళు సున్నం అనుకుంటరు. అది ఉప్పు. కొద్దిగ తవ్వంగనే నీళ్ళు ఊరుతయి, అవి చాలా చోట్ల సముద్రపు నీళ్ళ కంటే ఉప్పు. పంపులు పెట్టి తోడితే ఆ నీళ్ళు సైటు బాటల మీద పారుతయి, మన బండ్లు అందులకెల్లే పోతయి. ఆగస్టు, సెప్టెంబర్ రాత్రులల్ల ఇక్కడ గాలి చెమట పట్టినట్టే ఉంటది, పొద్దున అద్దాల మీద నీళ్ళు కారుతయి. ఉప్పుకు ఆ తేమను గుంజి పట్టుకునే గుణం ఉంది. చాసిస్ సందుల్ల ఉప్పు మట్టి ఇరుక్కున్నదంటే వాన పడకున్నా లోపల తడి తడిగనే ఉంటది.

ఆ తడి మట్టి మీద, ఆ జంగు మీద మీరు రంగు కొడుతరు. రంగు ఇనుమును పట్టుకోలేదు, ఊడిపోయే పొరను పట్టుకున్నది. ఉప్పును, తడిని లోపల పెట్టి మూత వేసినట్టు. రబ్బరు లెక్క మందంగ ఉండే అండర్‌కోట్ కొట్టిస్తే ఇంకా అన్యాయం. పైన చూస్తే గట్టిగ ఉంటది, దాని కింద ఇనుము అప్పడం అయితది. ఇనుము తుప్పుగ మారితే రెండింతలకు పైన ఉబ్బుతది. పాత బిల్డింగుల పిల్లర్ పెచ్చు ఊడి సలాక బయటపడేది ఇందుకే. చాసిస్ రెండు రేకులు కలిపిన కాడ కూడా అదే జరుగుతది, మధ్యల ఉబ్బి రేకులను ఎడంగ నెట్టుతది.

ఇగ అసలు సంగతి. రెండేండ్ల కింద మా మూడు టన్నుల డబుల్ క్యాబిన్ బండి పొద్దుగాల క్యాంపు నుంచి వస్తున్నది. డ్రైవర్ మా కోరుట్ల దిక్కు తమ్ముడు, వెనుక అయిదుగురు. సైటు గేటు కాడ బ్రేకు తొక్కితే పెడల్ నేలకు పోయింది. పోరగానికి దిమాక్ ఉండి హ్యాండ్ బ్రేక్ గుంజి ఇసుక కుప్ప దిక్కు తిప్పిండు. అయినా బండి మూల బారియర్‌కు తగిలింది. షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయనకు ముందటి పండ్లు రెండు పోయినయి. గేటు కాడి ముసలాయన జరంతల బతికిండు.

కింద దూరి చూసిన. చాసిస్‌కు బ్రేకు పైపు పట్టి ఉంచే క్లిప్పు కాడ పైపు తిన్నది. సూది పట్టేంత బొక్క. చుట్టూ నల్ల రంగు నున్నగ, ముచ్చటగ ఉంది. మూడు నెలల కింద ఫహస్ కోసం కొట్టించిందే. ఆ రంగుకు పైసలు ఇచ్చిన కాయిదం మీద సంతకం ఎవరిదంటే, నాదే. వీడియో పెట్టినాయనను తిట్టే ముందు ఈ మాట చెప్పాలె కాబట్టి చెప్తున్న.

అందుకే ఇప్పుడు మా బండ్లకు నేను ఎట్ల చేయిస్తున్ననో రాస్త. ముందుగాల మంచినీళ్ళతో కడగాలె. ఉప్పు బోరు నీళ్ళతో కడిగితే కడగకపోవుడే నయం. ప్రెషర్ పైపు సందుల్లకు పెట్టి మట్టి మొత్తం రాలేదాక కొట్టి, ఒక దినం ఎండబెట్టాలె, ఎండకు మన దగ్గర కరువు లేదు. తర్వాత స్క్రేపర్, వైర్ బ్రష్. చిన్న సుత్తితో తట్టుకుంట పోవాలె. ఖంగుమంటే ఇనుము ఉంది. డబ్బుమని, పెంకులు రాలితే అది పైపై తుప్పు కాదు, రంగు డబ్బా పక్కకు పెట్టి వర్క్‌షాపుకు పంపాలె. గీకినంక మిగిలిన సన్న జంగుకు రస్ట్ కన్వర్టర్ రాస్తే నల్లగ మారుతది. అందులో ఫాస్ఫారిక్ యాసిడో, టానిక్ యాసిడో ఉంటది, చేతులకు గ్లౌజులు, కండ్లకు అద్దాలు ఉండాలె. పెంకు మీద రాస్తే దండుగ. అది ఆరినంక జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, లేకుంటే సైటుల దొరికే రెడ్ ఆక్సైడ్. దాని మీద రెండు చేతుల రంగు. నలుపే కొట్టుకోండి, నలుపుతో నాకు పగ లేదు.

బ్రేకు పైపు మీద మాత్రం గ్రైండర్ పెట్టొద్దు, ఉన్న ఇనుము పోతది. చేతితో తుడిచి చూడాలె, గుంతలు పడితే పైపు మార్చాలె. రబ్బరు పైపులకు, గ్రీజు నిప్పిళ్ళకు, సైలెన్సర్‌కు రంగు తగలొద్దు. డీజిల్ ట్యాంకు పక్కన నిప్పురవ్వలు లేపొద్దు. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి ఎవ్వరూ దూరొద్దు, స్టాండ్లు పెట్టాలె, టైర్లకు కట్టెలు అడ్డం పెట్టాలె. కొందరు కాలిన ఇంజన్ ఆయిల్ కొడుతరు. నిజమే, కొన్ని రోజులు తేమను ఆపుతది. తర్వాత దుమ్ము అంటుకుని ముద్దయి, రబ్బరు బుష్షులు ఉబ్బి, లోపల ఏముందో ఫహస్ వానికి గాదు మనకే కనబడదు.

"పైపై తుప్పే కదా, ఏమైతది?" అంటరు. పైపైన ఉన్నప్పుడే కదరా అయ్యా ఒక దినం పనితో పోయేది! సామాను మాకు బండికి రెండు వందల రియాళ్ళు కూడా కాలేదు. "కంపెనీ బండి, ఖల్లీవల్లీ" అంటరు. బండి కంపెనీదే, పండ్లు ఎవరియి? మేనేజర్లు ఆ బండిల రారు. వాళ్ళకు ఫహస్ కాయిదం కావాలె, అది చేతికొచ్చినంక బండి కింద ఏముందో అవసరం లేదు. వాళ్ళ అబద్ధానికి మనం రంగు డబ్బా పట్టుకుంటున్నం.

బండి రిపేరుకు అయిన 2400 రియాళ్ళు ఆ డ్రైవర్ తమ్ముని మీదనే వేసిండ్రు. "పొద్దున బ్రేకు చూసుకోలేదు" అని రాసిండ్రు. జీతం 1600, నెలకు 400 కోత. సౌదీ లేబర్ చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం తప్పు పనోనిదే అయితేనే కోయాలె, అది కూడా నెలకు అయిదు రోజుల జీతం దాటొద్దు. 1600కు లెక్క వేస్తే 267 కూడా కాదు. తప్పు వానిది కానే కాదు. పైపు రంగు కింద ఉంటే వాడు పొద్దున్నే ఏం చూడాలె?

పోరడు భయపడి ఆరు నెలలు కోయించుకున్నడు, ఇంట్ల చెల్లె పెండ్లి ఉండె. ఈ మధ్యనే అర్జీ రాసి ఆఫీసుల ఇచ్చినం. పైపు ఫోటోలు పెట్టినం, రంగు కొట్టించిన సంతకం నాదేనని నేను కూడా రాసి ఇచ్చిన. అది చూసి మేనేజర్ నన్ను లోపలికి పిలిచి "నీకు ఇదంతా ఎందుకు" అన్నడు. పైసలైతే ఇంకా రాలేదు.

వచ్చే నెల మా సైటు బండ్లు మూడు ఫహస్‌కు పోవాలె. ఒకటి గీకుడు అయిపోయింది. రెండో దాని కింద ఈ శుక్రవారం నమాజు టైం అయినంక దూరుతున్నం. దమ్మాం, ఖోబర్ దిక్కు ఉన్నోళ్ళు ఎవరన్న నేర్చుకుంటమంటే రండి, పాత అంగీ తొడుక్కుని రండి.