ఖాళీ తూటా చెప్పు సాక్ష్యము

విజయవాడ కళాశాలల ఎన్.సి.సి. విద్యార్థులు .22 రైఫిలుతో అభ్యాసము ముగించిన పిదప నేలరాలిన ఇత్తడి తొడుగులను ఏరి, లెక్క సరిపెట్టి అప్పగింతురు. ఆ లెక్క అవసరమే గాని, వానిని చేతనుంచుకొని పరిశీలించుట అంతకంటె అవసరమని నా దృఢవిశ్వాసము. కర్మాగారమునుండి వచ్చిన తూటాల గుణమును లోకము లక్ష్యఫలకముపైని రంధ్రముల కూర్పును బట్టి నిర్ణయించును. అయితే ఆ రంధ్రములలో మందుగుణముతోపాటు కాల్చువాని ఊపిరియు, చేతి వణకును, గాలియు కలిసియుండును. ఇత్తడియందన్ననో తూటా తుపాకుల నడవడి తప్ప మరేమియు నుండదు. సాధారణముగ 70 పాళ్లు రాగియు 30 పాళ్లు తుత్తునాగమును గల ఆ లోహము పేలుడు ఒత్తిడికి ఉబ్బి తుపాకి గోడల నంటి, మరల కొంత ముడుచుకొనును. మెడ చీలినను, అడుగునకు కొంచెము పైగా మెరుపుగీత పొడసూపినను ఆ తొడుగు మరల మందు నింపుటకు తగదు. .22 తూటాకు నిప్పుమందు అంచులోనే యుండి, సూది దెబ్బకు ఆ అంచు నలిగిపోవును గనుక దాని పునర్వినియోగము ఆచరణలో లేదు. అడుగు నడుమ నిప్పుమందు (ప్రైమరు) గల పెద్దతూటాలకే ఆ భాగ్యము. లైసెన్సు లేని తూటాల తయారీని 1959 నాటి ఆయుధచట్టము నిషేధించుట న్యాయమే. మరల నింపు హక్కు మన విద్యార్థికి అక్కరలేదు, కాని కాల్చిన ప్రతి తొడుగును చదువగల నేర్పు లేక వాని శిక్షణ పూర్తికానేరదు.