పక్కింటి పేరు ఎత్తే భయం

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 19:11-20



2021 డిసెంబరులో "మా ఊరి పొలిమేర" మన ఫోన్లలోకి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో "విరూపాక్ష", నవంబరులో "పొలిమేర" రెండో భాగం థియేటర్లకు వచ్చాయి. అంతకుముందే యండమూరి "తులసిదళం" మన అమ్మానాన్నలను నిద్రపోనివ్వలేదు. చేతబడి కథ మనకు కొత్త కాదు. వాటిని చూసే యౌవనస్థులను కొందరు బోధకులు "సాతాను పిల్లలు" అని తిడుతున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

ఆ కథలో రుచి ఎక్కడుందో ముందు చూడండి. 2021 చివర నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిర్చి చేలమీద పడి పూతను తినేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. అది పరదేశం నుంచి వచ్చిన పురుగని శాస్త్రవేత్తలు చెప్పారు. అయినా గట్టు అవతలి చేను కాస్త పచ్చగా కనిపిస్తే మన నోటికి పురుగు మాట రాదు, "ఎవరో చేశారు" అనే మాటే వస్తుంది. కారణం తెలియని కష్టాన్ని మోయలేక మనిషి ఒక శత్రువును వెతుక్కుంటాడు. చేతబడి కథ ఆ శత్రువును చేతికిస్తుంది.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు ఇంగ్లండులో బ్లాక్ సబ్బాత్ అనే బృందం తన మొదటి ఆల్బమ్ విడుదల చేసింది. వాన చప్పుడు, గంట మోత, ఉరుము, ఆ తరువాత బరువైన గిటార్. దయ్యపు సంగీతమని ఎందరో మండిపడ్డారు. కానీ వాళ్లు బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల పేటల కుర్రాళ్లు. గిటార్ వాయించిన టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో యంత్రం కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నవాడు. భయం ఎరిగినవాళ్లు కనుకనే వాళ్ల పాట భయపడేవాళ్లకు నచ్చింది.

అయితే ఆ పాట అయిపోగానే భయమూ అయిపోతుంది. మన కథ తెర దిగి వీధిలోకి వస్తుంది. మెదక్ ప్రాంతంలో బాణామతి నెపంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లు పీకారు, తగలబెట్టారు. "విరూపాక్ష" కూడా ఊరివాళ్లు ఒక జంటను కాల్చేయడంతోనే మొదలవుతుంది. తరువాత ఆ శాపం ఫలిస్తుంది. మరి చూసినవాడికి ఏం మిగిలింది? కాల్చడం పాపమనే మాట కంటే, చేతబడి నిజమనే మాటే గట్టిగా మిగులుతుంది. నా అభ్యంతరం అక్కడ.

అంతకంటే గట్టి అభ్యంతరం మన వేదికల మీద ఉంది. సినిమాను తిట్టిన నోటితోనే "నీ మీద ఎవరో చేయించారమ్మా" అని చెప్పి, నూనె సీసా ఇచ్చి కానుక పుచ్చుకునేవాడికీ, నిమ్మకాయ కోసే మంత్రగాడికీ తేడా ఏమిటి? స్కెవ కుమారులు యేసు నామాన్ని మంత్రంలా వాడబోయి గాయాలతో, ఒంటిమీద బట్టలేక పారిపోయారు. అది మనకోసమే రాయబడింది.

ఎఫెసువారు మాంత్రిక పుస్తకాలు కాల్చారు. వాటి వెల యాభై వేల వెండి నాణెములు. ఒక్క సంగతి గమనించండి: ఎవరి పుస్తకాలు వారే తెచ్చుకున్నారు. పొరుగువాడి ఇంటిమీద పడలేదు. ఒక్క మనిషినీ కాల్చలేదు. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూపి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ వెతుకులాటనే ఆపేసి అతని కళ్లు తెరిచాడు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, పిల్లవాడి ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని చూసి, "కాలిపోయినవాళ్ల తరఫున ఈ ఊళ్లో ఒక్కడైనా మాట్లాడాడా?" అని అడగండి. మూడు దారుల దగ్గర నిమ్మకాయలు కనిపిస్తే దాటి మీ పనికి వెళ్లండి. బిడ్డకు జ్వరం వస్తే ప్రార్థన చేసి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎంత కష్టం వచ్చినా పక్కింటి ఒంటరి ముసలమ్మ పేరు మాత్రం ఎత్తకండి. ఆమె ప్రాణానికి దేవుడు మనల్ని లెక్క అడుగుతాడు.

భయపరచు ఆత్మ నుండి ప్రభువు మన ఊళ్లను విడిపించును గాక. ఆమేన్.