తడిసిన ధాన్యం

మా మదరసా కార్యాలయంలో పదేళ్లు దాటిన కంప్యూటర్ ఒకటి ఉన్నది. విండోస్ 10 సాధారణ మద్దతు గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను ఆ యంత్రం మోయలేదు. పనిచేసే వస్తువును పారవేయడం దుబారా అనిపించి, విద్యార్థుల సాయంతో దానిలో లినక్స్ మింట్ 22 ఎక్కించాము. దానికి రుసుము లేదు, పాత యంత్రం మీద కూడా చక్కగా నడుస్తుంది. వైఫై మాత్రం ఆ పెట్టెలో మొదటి నుంచీ లేదు. అందుకని బజారులో మూడు వందల రూపాయలకు చిన్న యుఎస్‌బి వైఫై అడాప్టర్ కొన్నాను.

తగిలించి చూస్తే అందులోని దీపం వెలగలేదు, తెర మీద ఒక్క నెట్‌వర్క్ పేరూ కనిపించలేదు. మరునాడు నేరుగా దుకాణానికి వెళ్లాను. దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టినప్పుడు లోపల తడి తగిలిన సంఘటన మీకు తెలిసినదే. ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వర్తకుణ్ణి ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఆ హదీసునంతా, కొనడానికి వచ్చిన ఇద్దరు నిలబడి వింటుండగా, నేను ఆ యువకుడికి వినిపించాను. అతడు తల వంచుకొని, "మౌల్వీ సాబ్, నేను అమ్మేవాణ్ణే గాని లోపల ఏముందో నాకు తెలియదు. మీ డబ్బు మీరు తీసుకోండి" అన్నాడు. ఇంకొకసారి ప్రయత్నించి అప్పుడు వస్తానని చెప్పి తిరిగి వచ్చాను.

ఆ సాయంత్రం అసర్ నమాజు తరువాత ఒక విద్యార్థి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే అయిదు అక్షరాలు కొట్టాడు. యంత్రానికి తగిలించిన ప్రతి యుఎస్‌బి వస్తువు సంఖ్యా అక్కడ వరుసగా కనిపిస్తుంది. మా అడాప్టర్ ఎదుట 0బిడిఎ:1ఎ2బి అని ఉన్నది. మొదటి సగం తయారీదారును తెలుపుతుంది, అది రియల్‌టెక్. రెండవ సగం వస్తువును తెలుపుతుంది. "ఉస్తాద్, ఇది తనను సీడీ డ్రైవునని చెప్పుకుంటున్నది" అన్నాడు కుర్రవాడు.

విషయమేమంటే, విండోస్ వాడుకరుల సౌకర్యం కోసం డ్రైవరును ఆ అడాప్టర్‌లోనే భద్రపరుస్తారు. తగిలించగానే అది మొదట సీడీగా కనిపిస్తుంది. ఆ సీడీని బయటకు పంపితేనే వైఫైగా మారుతుంది. కొన్ని వ్యవస్థలలో యుఎస్‌బి మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాము ఈ పనిని తానే చేస్తుంది. మా దానిలో జరగలేదు. ఫైళ్ల కిటికీలో కనిపిస్తున్న సీడీ గుర్తు మీద అతడు ఎజెక్ట్ నొక్కాడు. సంఖ్య 0బిడిఎ:సి811గా మారింది, దీపం వెలిగింది. ఆ చిప్‌కు అవసరమైన డ్రైవరు 2023లో వచ్చిన కెర్నల్ 6.2 నుంచి లినక్స్‌లోనే ఉన్నది. మాది 6.8 కాబట్టి వేరే ఏదీ వెతకవలసిన పని లేకపోయింది.

ఇదే ఇబ్బంది పడుతున్నవారికి మరి నాలుగు మాటలు. ఒకే రకం డబ్బాలో వేర్వేరు చిప్‌లు వస్తాయి కనుక డబ్బా మీది పేరును కాక, తెర మీది సంఖ్యను నమ్మండి. 148ఎఫ్:7601 అని ఉంటే అది మీడియాటెక్ చిప్, దాని డ్రైవరు 2015 నాటి కెర్నల్ 4.2 నుంచే ఉన్నది. తాత్కాలికంగా ఇంటర్నెట్ కావాలంటే ఫోనును ఛార్జింగు తీగతో కలిపి యుఎస్‌బి టెథరింగ్ పెట్టుకోండి. బయటి నుంచి తెచ్చిన డ్రైవరును కెర్నల్ మారిన ప్రతిసారీ తిరిగి నిర్మించాలి. అది యంత్రమంతటి మీద అధికారం పొందుతుంది గనుక, ఎవరిచ్చారో తెలియనిదాన్ని ఎక్కించవద్దు.

డబ్బా మీద 600 అని ముద్రించిన వేగం గురించీ ఒక మాట. ఒక మార్గపు 150ని, మరొక మార్గపు 433ని కలిపి ఆ అంకె చెబుతారు. కాని ఈ అడాప్టర్ ఒక సమయంలో ఒక్క మార్గంలోనే నడుస్తుంది. తూకం సరిగా ఉండాలన్న ఆదేశం తయారీదారులకూ వర్తిస్తుంది. అయితే ఆ అంకెను ముద్రించింది దుకాణంలోని యువకుడు కాదు.

ధాన్యం తడిసి లేదు. తడి నా అనుమానంలో ఉన్నది. అనేక అనుమానాలకు దూరంగా ఉండమని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 12వ వాక్యం ఆదేశిస్తున్నది. దాన్ని ఏళ్ల తరబడి పిల్లలకు బోధిస్తున్నవాణ్ణి నేను. ప్రవక్త (స) రాశిలో చేయి పెట్టి, తడిని కనుగొన్న తరువాతే ప్రశ్నించారు. నేను చేయి పెట్టకుండానే తీర్పు చెప్పాను.

మరునాడు వెళ్లి ఆ యువకుణ్ణి క్షమాపణ అడిగాను. అతడు నవ్వి, సీడీ సంగతి ఒక కాగితం మీద వ్రాసి ఇమ్మన్నాడు, ఇకపై కొనేవారికి చెబుతానన్నాడు. కాని ఆనాడు నా మాటలు విన్న ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియదు. వారు ఈ పత్రిక చదివేవారైతే, ఆ దుకాణదారు నిజాయితీపరుడని గ్రహించాలని నా మనవి. అల్లాహ్ నన్ను క్షమించుగాక!