కాటన్ అనే ఇంటిపేరు

గోదావరి జిల్లాల్లో కాటన్ అంటే ఒక్కరే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నిలిపిన ఆర్థర్ కాటన్ దొర. గోదారిలో మునిగేటప్పుడు ఆయన్ని భగీరథుడిగా తలుచుకునే శ్లోకమే పుట్టిందంటే, ఆ నేల ఆయన్ని ఎంతగా సొంతం చేసుకుందో తెలుస్తుంది.

ఆ ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు. పాత ఇంగ్లిషులో 'కాట్' అంటే గుడిసె. గుడిసెల దగ్గరి ఊరు కాటన్. అక్కణ్ణుంచి తరలివచ్చిన వాళ్లకు ఊరిపేరే ఇంటిపేరైంది, మన తాడేపల్లివారికి జరిగినట్టే. ఈ ఇంటిపేరుతోనే మాంటేన్ వ్యాసాలను ఇంగ్లిషులోకి తెచ్చిన చార్లెస్ కాటన్ ఉన్నాడు. 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్ ఉన్నాడు.

సాహిత్య పత్రికగా మేం ముందు మొక్కవలసింది మాత్రం రాబర్ట్ కాటన్‌కి (1571–1631). ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించాక వాటి రాతప్రతులు దిక్కులేకుండా చెదిరిపోయాయి. వాటిని వెతికి వెతికి కూడబెట్టినవాడు రాబర్ట్. ఒక్కో బీరువా మీద ఒక్కో ప్రతిమ ఉండేది, చాలావరకు రోమన్ చక్రవర్తులవి; ఎవరి ప్రతిమ ఉంటే వారి పేరే బీరువా పేరు. 1215 నాటి మాగ్నాకార్టా ప్రతుల్లో నేడు మిగిలినవి నాలుగైతే, అందులో రెండు ఆయన సేకరణలోవే. పండితులు వచ్చి చదువుకునేవారు. రాజుకు అదే కంటగింపైంది. 1629లో మొదటి చార్లెస్ ఆ గ్రంథాలయానికి సీలు వేయించాడు. సొంత పుస్తకాలు తిరిగి చేతికి రాకుండానే రాబర్ట్ కన్నుమూశాడు. జీవితమంతా పుస్తకాలకే ధారపోసినవాడికి అంతకన్నా క్రూరమైన శిక్ష ఉండదు.

తర్వాత మనవడు ఆ సేకరణను జాతికి అప్పగించాడు. 1731లో అది ఉన్న ఆష్‌బర్న్‌హామ్ భవనం అంటుకుంది. ప్రతులను కిటికీల్లోంచి బయటికి విసిరి కాపాడారు. పాత ఇంగ్లిషు మహాకావ్యం 'బేవుల్ఫ్'కు ఉన్న ఒక్కగానొక్క ప్రాచీన ప్రతి అంచులు కమిలి బయటపడింది. తర్వాత ఆ అంచులు పొడిపొడిగా రాలుతూ అక్షరాలను పట్టుకుపోయాయి. ఆ శతాబ్దం చివర్లో తోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడి పూనికతో తయారైన రెండు నకళ్ల వల్లే, రాలిపోయిన అక్షరాలు కొన్ని నేడు తెలుస్తున్నాయి. ఆ ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని గుర్తింపు సంఖ్యలో కాటన్ పేరూ, విటెలియస్ చక్రవర్తి పేరూ ఇప్పటికీ ఉన్నాయి.

ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్‌కు మ్యూజియం ఉంది. తాటాకు ప్రతులను భద్రపరుస్తున్న మన గ్రంథాలయాల్లో రాబర్ట్ కాటన్ పటం ఒకటి ఉండాలని మా కోరిక.