తేదీ లేని విపత్తుకు దిక్కెవరు?

వరద రూపంలో వచ్చే విపత్తు ఎలా ఉంటుందో 2021 నవంబరులో కడప జిల్లా చూసింది. 19వ తేదీ ఉదయం రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట నీటమునిగి, ఇసుక మేటల పాలయ్యాయి. ముప్పై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చక్రాయపేట మండలంలోని గండి క్షేత్రం దగ్గర పాలకొండల్ని చీల్చుకుని వచ్చే పాపాఘ్ని కూడా ఆ రోజుల్లోనే ఉప్పొంగి, దిగువన కమలాపురం వంతెనను కూల్చేసింది. సహాయ బృందాలు దిగాయి. ముఖ్యమంత్రి వచ్చి చూశారు. అన్నమయ్య అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి డిసెంబరు 2న రాజ్యసభలో చెప్పారు. కట్ట తెగకముందు జరిగిన నిర్లక్ష్యం మీద ఎంతైనా మాట్లాడవచ్చు. తెగాక మాత్రం యంత్రాంగం కదలక తప్పలేదు.

అదే జిల్లాలో, చక్రాయపేట భాగమైన పులివెందుల నియోజకవర్గంలోనే మరో ఆపద ఉంది. అక్కడ ఏ కట్టా తెగలేదు, ఏ వంతెనా కూలలేదు. వేముల మండలం కె.కె.కొట్టాల రైతులు తమ బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి ఎండుతోందని, పొలంలో తెల్లటి పొర పేరుకుంటోందని, ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయని 2018 నాటికే చెప్పారు. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాలను నింపే చెరువు, అంటే టెయిలింగ్ పాండ్, ఆ ఊరి పక్కనే ఉంది. ఆ ఫిర్యాదుకు వచ్చినవి నమూనాల సేకరణ, నోటీసు, సంజాయిషీ, కమిటీ. మన పాలనా యంత్రాంగం తేదీ ఉన్న విపత్తుకు పరుగెత్తుతుంది. ఏళ్ల తరబడి భూమిలోకి ఇంకే విపత్తు దాని కంటికి ఒక అర్జీ మాత్రమే. కొట్టాల కష్టంలో సగం ఇక్కడే ఉంది.

రాయి నుంచి చెరువు దాకా

తుమ్మలపల్లె గనినీ కర్మాగారాన్నీ నడుపుతున్నది కేంద్ర అణు ఇంధన శాఖ కింద ఉన్న యురేనియం కార్పొరేషన్, అంటే యూసీఐఎల్. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన చేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. తుమ్మలపల్లె చుట్టుపక్కల యురేనియం నిల్వలు లక్షన్నర టన్నుల దాకా ఉండవచ్చని 2011లో అణుశక్తి సంఘం అప్పటి అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ప్రకటించడంతో ఈ ఊరి పేరు ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది.

నిల్వ పెద్దదే కానీ ఖనిజం నాసి. టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. కర్మాగారం రోజుకు మూడు వేల టన్నుల రాయిని పిండి చేసే సామర్థ్యంతో కట్టారు. అందులో దాదాపు అంతా బురదగా మారి టెయిలింగ్ పాండ్‌కు చేరాల్సిందే. ఇక్కడి రాయి సున్నపు గుణమున్న డోలమైట్ కాబట్టి యురేనియాన్ని ఆమ్లంతో కాక క్షారంతో, అంటే సోడియం కార్బొనేటు, బైకార్బొనేటుతో కరిగించి తీస్తారు. అందువల్ల బురదలో సోడియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. సోడియం ఎక్కువైన నీళ్లు పారితే నేల గుల్లదనం పోయి బిగుసుకుపోతుంది. అరటి అసలే ఉప్పుకు తట్టుకోలేని పంట. రైతులు చెప్పిన గుర్తులను కొట్టిపారేయడానికి లేదని ఈ రసాయనశాస్త్రమే చెబుతోంది.

యురేనియం తీసేసినా ముడి ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం బురదలోనే మిగులుతుంది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. దాని మాతృమూలకమైన థోరియం-230కి 70 వేల ఏళ్ల పైమాటే. అందుకే టెయిలింగ్ పాండ్ అడుగు ఎలా కట్టారన్నది తరతరాలను తాకే ప్రశ్న. నీరు ఇంకకుండా అడుగున బెంటొనైట్ బంకమట్టి పొర, దానిపై పాలిథీన్ పొర వేయాలని కాలుష్య నియంత్రణ మండలి తన అనుమతి పత్రంలోనే షరతు పెట్టింది. ఆ షరతును పాటించలేదని రిటైర్డ్ శాస్త్రవేత్త డాక్టర్ కె.బాబూరావు 2018లో మండలికి రాశారు. మండలి యూసీఐఎల్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చింది 2019 ఆగస్టులో.

ఉత్పత్తి మొదలైంది 2012లో, నోటీసు 2019లో. చెరువు ఖాళీగా ఉన్నప్పుడు అడుగున బంకమట్టి ఉందో లేదో తేల్చడానికి ఒక ఇంజినీరు, ఒక గునపం, ఒక పూట చాలు. లక్షల టన్నుల బురద నిండాక అదే సంగతి తేల్చాలంటే దేశంలోని శాస్త్ర సంస్థలన్నీ కూర్చోవాలి. పరిశ్రమ నడవడానికి ఇచ్చే అనుమతి ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. గడువు తీరినప్పుడల్లా దాన్ని పునరుద్ధరించాలి. అలా పునరుద్ధరించిన ప్రతిసారీ షరతును సరిచూసే అవకాశం మండలి చేతికి వచ్చింది. అది చేజారిన ప్రతిసారీ భారం రైతు వైపు ఒరిగింది.

ఎవరి పరిధి?

కొట్టాల రైతు అర్జీ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? బోరు నీళ్లు భూగర్భ జల శాఖ చూసుకుంటుంది. తాగునీరు గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. అరటి, చీనీ తోటలు ఉద్యాన శాఖవి. దద్దుర్లు వైద్య ఆరోగ్య శాఖవి. పరిహారం రెవెన్యూది. పరిశ్రమ కాలుష్యం నియంత్రణ మండలిది. రేడియోధార్మికత అనే మాట వస్తే విషయం ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలికి, అంటే ఏఈఆర్‌బీకి వెళ్తుంది. పర్యావరణ అనుమతి ఢిల్లీది. కర్మాగార యాజమాన్యం ప్రధాన కార్యాలయం జార్ఖండ్‌లోని జాదుగూడలో ఉంది. ప్రతి కార్యాలయమూ తన పరిధి మేరకు సరిగ్గానే పనిచేసినా, ఆ పరిధుల నడుమ రైతు మిగిలిపోతాడు.

కొలతలోనూ ఇదే చీలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో యురేనియానికి లీటరుకు 30 మైక్రోగ్రాములను హద్దుగా సూచించింది. ఏఈఆర్‌బీ పెట్టుకున్న హద్దు 60. రైతులు ఫిర్యాదు చేసిన రోజుల్లో దేశ తాగునీటి ప్రమాణాల్లో యురేనియం ఊసే లేదు. ఆ తర్వాతే 30గా చేర్చారు. 45 ఉన్న బోరు ఒక కార్యాలయంలో మంచిది, మరో కార్యాలయంలో చెడ్డది. తాగే మనిషి మూత్రపిండాలకు మాత్రం ఈ తేడా తెలియదు.

మూత్రపిండాల సంగతి కావాలనే ఎత్తాను. తాగునీటిలోని యురేనియం వల్ల ముందుగా భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు, అది భారలోహంగా కిడ్నీలకు చేసే హానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా ఆ విషప్రభావాన్ని లెక్కించి పెట్టినదే. కాబట్టి అణు విషయాలు కేంద్రానివి, మా చేతుల్లో లేవు అని రాష్ట్ర యంత్రాంగం తప్పుకోవడానికి వీల్లేదు. సోడియం గానీ, లోహ విషం గానీ, పాడైన బోరు గానీ పూర్తిగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోనివే.

కేంద్రం వైపు చూస్తే చిక్కు ఇంకో రకం. గని నడిపే యూసీఐఎల్, పరిసరాల్లో కొలతలు తీసే భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) రెండూ అణు ఇంధన శాఖవే. ఏఈఆర్‌బీ 1983లో ఏర్పడినప్పుడు దాన్ని అణుశక్తి సంఘానికి జవాబుదారీని చేశారు. ఆ సంఘానికి అధ్యక్షుడు అణు ఇంధన శాఖ కార్యదర్శే. ఈ ఏర్పాటులో నియంత్రణ సంస్థకు చట్టబద్ధమైన స్వతంత్రత లేదని 2012లో కాగ్ తప్పుపట్టింది. ఆ లోటు తీర్చడానికి 2011లో తెచ్చిన బిల్లు లోక్‌సభ గడువుతో పాటే 2014లో మురిగిపోయింది. శాస్త్రవేత్తల నిజాయితీని శంకించాల్సిన పని లేదు. కానీ వాదీ, సాక్షీ, తీర్పరీ ఒకే ఇంటివారైతే ఆ తీర్పును ఊరు నమ్మదు.

నిరూపించాల్సింది ఎవరు?

యూసీఐఎల్ వాదన సూటిగా ఉంది. ఈ నేలలో సహజంగానే యురేనియం ఉంది, బోరు నీళ్లలో కనిపించేది అదే, తమ చెరువుకు దానితో సంబంధం లేదు. ఈ వాదనను న్యాయంగా వినాలి. వేంపల్లె రాతిపొరల్లో యురేనియం ఉన్న మాట నిజం. కడప జిల్లాలో వెయ్యి అడుగుల దాకా బోర్లు దింపే రోజులివి. లోతు పెరిగేకొద్దీ రాతిలోని ఖనిజాలు నీటిలోకి వచ్చే అవకాశమూ ఉంది.

అయితే ఈ వాదన నెగ్గడానికో వీగిపోవడానికో దారి ఉంది. కర్మాగారం మొదలుకాక ముందు ఏ బోరులో ఎంత యురేనియం, ఎంత సోడియం ఉందో చెప్పే లెక్కలు కావాలి. చెరువుకు దగ్గరగా, దూరంగా, ఎగువన, దిగువన ఉన్న బోర్లలో ఏటా వచ్చిన మార్పు కావాలి. యురేనియం సహజంగా వచ్చిందే అనుకున్నా, దానితో పాటు సోడియం కూడా చెరువు వైపు బోర్లలోనే పెరిగితే ఆ జాడ ఎటు చూపిస్తుందో చెప్పనక్కర్లేదు. ఈ సమాచారమంతా సంస్థల దగ్గర ఉండాల్సినది. రైతు దగ్గర ఉన్నది ఎండిన తోట ఒక్కటే. నిరూపించే బాధ్యత మాత్రం వాస్తవంలో అతని మీదే పడింది.

చట్టం ఇలా చెప్పలేదు. పర్యావరణానికి హాని లేదని నిరూపించాల్సిన భారం పరిశ్రమదేనని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు పౌరసంక్షేమ వేదిక కేసులో చెప్పింది. దాన్ని మరింత వివరించింది 1999లో, అదీ మన కేసులోనే. హైదరాబాద్ జంట జలాశయాలైన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ పరిసరాల్లో ఒక నూనెల పరిశ్రమకు అనుమతి నిరాకరించి సుప్రీంకోర్టు దాకా పోరాడింది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలే. శాస్త్రం పూర్తిగా తేల్చేదాకా ఆగితే హాని జరిగిపోతుంది, అనుమానం బలంగా ఉంటే ముందుజాగ్రత్త వైపే మొగ్గాలి అన్నది ఆ తీర్పు సారం. అప్పటి రాజధాని తాగునీటి కోసం మండలి సాధించిన ఆ సూత్రం కొట్టాల బోర్లకూ వర్తించాలి.

చట్టం చేతిలోనే ఉంది

అధికారం లేక యంత్రాంగం ఆగిందనుకోవడం పొరపాటు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 32వ సెక్షన్ వాగులో గానీ బావిలో గానీ విషపదార్థం చేరినట్టు కనిపిస్తే, కారణాలు రాసిపెట్టి వెంటనే చర్య తీసుకునే అధికారం మండలికి ఇచ్చింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం మనిషి వల్ల కలిగే ఉపద్రవాన్నీ, పర్యావరణ క్షీణతనూ విపత్తు నిర్వచనంలోనే చేర్చింది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు.

అయినా నిధి వేరే లెక్కన నడుస్తుంది. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో తుపాను, వరద, కరవు, భూకంపం, వడగళ్లు వంటివి ఉన్నాయి. విషమెక్కిన బోరు లేదు. ప్రాణనష్టం కళ్లెదుట ఉంటే నిధికి అడ్డంకులు తొలగిపోతాయి. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోతే, కుటుంబానికి కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ఆ రోజే ప్రకటించింది. అది సరైన పనే. నెమ్మదిగా దెబ్బతినే ఊరికి మాత్రం ఒక మంచినీటి ట్యాంకరు కోసమైనా నివేదిక కావాలి.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1979 జులై 16న అమెరికాలోని చర్చ్‌రాక్‌లో యురేనియం టెయిలింగ్ కట్ట తెగి సుమారు 35 కోట్ల లీటర్ల వ్యర్థ జలం ప్యూర్కో నదిలో కలిసింది. ఆ నీటిమీద బతికే నవాహో ఆదివాసీలు తమ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించేలా చూడమని వేడుకుంటే రాష్ట్ర గవర్నరు ఒప్పుకోలేదు. శుద్ధి పనులు దశాబ్దాల పాటు సాగుతూనే ఉన్నాయి. అంతటి సంపన్న దేశంలో, కట్ట తెగిన తేదీ కూడా ఉన్నచోట ఇలా జరిగిందంటే, తేదీ లేని కొట్టాల విషయంలో మనమెంత మెలకువగా ఉండాలి!

ముందు నీళ్లు, తర్వాత తగువు

మొదట మారాల్సింది వరస. ఇప్పుడు నమూనా, నివేదిక, కమిటీ, బాధ్యుల నిర్ధారణ, ఆ తర్వాతే ఊరట. ఊరట ముందుకు రావాలి. ఒక ఊరి బోర్లలో హద్దు దాటిన కొలత కనిపించిన వారంలోగా, తప్పెవరిదో తేల్చకుండానే, మనుషులకూ పశువులకూ మంచినీళ్లు అందాలి. యురేనియం సహజంగా వచ్చినా, చెరువు నుంచి వచ్చినా దాహం ఒకటే. ఖర్చు ఎవరు భరించాలో తర్వాత తేల్చి రాబట్టుకోవచ్చు.

రెండోది, అర్జీదారుకు ఒకే గడప ఉండాలి. ఏ శాఖ ఏం చేయాలో చూసుకునే పని విపత్తు సంస్థ అధ్యక్షుడిగా కలెక్టరుది. రైతు శాఖల చుట్టూ తిరగకూడదు, ఫైలే తిరగాలి, అదీ గడువు పెట్టుకుని.

మూడోది, కొలతలు ఊరివి కావాలి. తుమ్మలపల్లె, కొట్టాల, కణంపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె బోర్లలో యురేనియం, సోడియం ఎంతో మూడు నెలలకోసారి అణు ఇంధన శాఖతో సంబంధం లేని ప్రయోగశాల పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో గ్రామ సచివాలయం గోడమీద పెట్టాలి. 2019లో వేసిన నిపుణుల కమిటీ రాసిన ప్రతి అక్షరాన్నీ గ్రామసభలో చదివి వినిపించాలి.

నాలుగోది, షరతును సరిచూడకుండా అనుమతి ఇవ్వకూడదు, పునరుద్ధరించకూడదు. సంతకం చేసిన అధికారి తాను ఏం చూసి సంతకం పెట్టాడో రాసి ఉంచాలి.

ఈ మాటలు ఇప్పుడే ఎందుకంటే, దారి ఎదురు దిక్కుకు మళ్లుతోంది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. అంటే ఇక మీద కొత్త గని వచ్చే ఊరికి అధికారుల ఎదుట నోరు విప్పే ఆ ఒక్క రోజు కూడా ఉండదు. కడప రాతిపొరల్లో యురేనియం తుమ్మలపల్లెతో ఆగిపోలేదు. చక్రాయపేట నుంచి లింగాల దాకా కాలువ నీళ్లు అందని ప్రతి ఊరికీ బోరే ఆధారం. దేశానికి అణు ఇంధనం కావాలంటే ఆ అవసరాన్ని తీర్చే ఊళ్లకు ముందు మంచినీళ్ల హామీ ఇవ్వాలి. ఆ హామీకి కమిటీ నివేదిక అక్కర్లేదు, కలెక్టరు ఉత్తర్వు చాలు.