యూట్యూబ్ వస్తోందిగా సార్!

"యూట్యూబ్ వస్తోందా సార్?"
"వస్తోంది."
"స్పీడ్ టెస్ట్ చేస్తే ఎంతొస్తోంది సార్?"
"తొంభై ఆరు."
"మరింకేంటి సార్ ప్రాబ్లం?"

నెల రోజుల్లో ఈ సంభాషణ మా ఇంటర్నెట్ వాళ్ళతో ఏడుసార్లు జరిగింది. ఏడోసారికి అవతలి అమ్మాయి ఏ ప్రశ్న తర్వాత ఏది అడుగుతుందో నేనే ముందుగా చెప్పేసే స్థాయికి వచ్చాను. ప్రతిసారీ చివరికి తేలేది మాత్రం ఒకటే, తప్పు నాదని. ఎందుకంటే నేను గేమ్స్ ఆడతాను. అది చాలదన్నట్టు ఒకే గేమ్ లో మూడు ఎకౌంట్లు పెట్టుకుని ఆడతాను. "మూడు ఎకౌంట్లా సార్! రౌటర్ ఎలా తట్టుకుంటుంది మరి?" అంది ఆ అమ్మాయి, నేనేదో అపార్ట్‌మెంట్ బాల్కనీలో మూడు గేదెల్ని కట్టేసినట్టు.

నా కోపమంతా ఆ మాట మీదే. ఆ అమ్మాయి మీద కాదు, పాపం ఆవిడ ముందు ఏ కాగితం పెడితే అదే చదువుతుంది. ఆ కాగితం రాసినవాళ్ళ మీద.

నేనాడేది ఈవ్ ఆన్‌లైన్. 2003లో మొదలైన గేమ్. చైనా వాళ్ళకి వేరే సర్వర్ ఉంది, మిగతా ప్రపంచమంతా లండన్ లో ఉన్న ఒకే సర్వర్ లో ఆడుతుంది. డబ్బులు కట్టినన్ని ఎకౌంట్లు ఒకేసారి నడుపుకోవచ్చు, దానికి వాళ్ళ అభ్యంతరం లేదు. ఒక మీట నొక్కితే అన్ని ఎకౌంట్లలోనూ ఒకేసారి పనయ్యేలా చేసే సాఫ్ట్‌వేర్ ని మాత్రం 2015 జనవరి 1 నుంచీ నిషేధించారు. నాకలాంటివేమీ లేవు. రెండు ఓడలు గని తవ్వుతాయి, మూడోది మోస్తుంది. అంతే. చూసేవాళ్ళకి ఇంత బోరు కొట్టే ఆట ఇంకోటుండదు :)

ఇంతకీ ఈ మూడు గేదెలూ ఎంత మేస్తున్నాయో కొలిచాను. మూడూ కలిపి సెకనుకి ఇరవై కిలోబైట్లు దాటలేదు. మా ఆవిడ ఆఫీసు వీడియో కాల్ ఒక్కటే దానికి పదింతలు తీసుకుంటుంది. కాబట్టి "మూడు ఎకౌంట్ల వల్ల లోడ్" అనేది శుద్ధ అబద్ధం. కొలవకుండా చెప్పే అబద్ధం.

గేమ్ పోతే పోయింది, ఇంతగా రాసేవాణ్ణి కాదు. కానీ రాత్రి తొమ్మిదిన్నర దాటాక నా మూడు ఓడలూ పడిపోయిన క్షణానే మా ఆవిడ వీపీఎన్ కూడా పడిపోయేది. వాళ్ళ క్లయింట్ అమెరికాలో, ముఖ్యమైన కాల్స్ అన్నీ ఆ వేళకే. ఒకే వారంలో రెండుసార్లు రివ్యూ మధ్యలో మాయమైపోయేసరికి, "ఇంట్లో ఇంటర్నెట్ సరిగ్గా లేకపోతే రోజూ ఆఫీసుకి రండి" అని మేనేజర్ మెయిల్ పెట్టాడు. ఆఫీసంటే రానూపోనూ మూడు గంటలు. కస్టమర్ కేర్ మాటలు స్పీకర్ లో విన్న మా ఆవిడ ఇంకేమంటుంది? ముద్దాయిని నేనే. పది రోజులు గేమ్ ముట్టుకోలేదు. ఆ పది రోజులూ కూడా లైను అదే వేళకి పడింది. అప్పుడుగానీ ఇంట్లో నాకు బెయిల్ రాలేదు.

సరే, ఇంజనీరింగ్ చదివింది ఎందుకూ అని కూర్చున్నాను. మూడు కిటికీలు తెరిచి మూడు పింగ్‌లు పెట్టాను, ఒక్కోటీ టైము వేసుకుంటూ ఫైల్ లోకి రాసుకునేలా. ఒకటి ఇంట్లో రౌటర్ కి, రెండోది ట్రేస్‌రూట్ లో కనిపించిన ఇంటర్నెట్ వాళ్ళ మొదటి మజిలీకి, మూడోది దూరంగా ఉన్న సర్వర్ కి. మొదటిది తడబడితే జబ్బు మీ వైఫైలో. మొదటిది బావుండి రెండోది తడబడితే మీ లైన్లో, లేదా ఆ లైను మొదట్లో ఉన్న డబ్బాలో. రెండూ బావుండి మూడోదే పోతే అవతల. ఏడు ఫోన్ కాల్స్ లో ఒక్కసారైనా నన్నెవరూ అడగని ప్రశ్న ఇది.

ఇక్కడే ఇంకో సంగతి. మూడు ఎకౌంట్లు ఉండటం రోగం కాదండీ, థర్మామీటరు. మూడిట్లో ఒకటే పడితే అనుమానం మీ కంప్యూటర్ మీదో ఆ ఒక్క గేమ్ కిటికీ మీదో. మూడూ ఒకే సెకనులో పడితే దారి తెగిందన్నమాట. ఆడుతున్న రెండూ హాయిగా నడుస్తూ మూడోది లాగిన్ కూడా అవకపోతే అది వేరే కథ, నాట్ పట్టికలో ఖాళీ అయిపోయిందేమో చూడాలి. ఒక్క ఎకౌంట్ వాడికి ఈ తేడాలేవీ తెలియవు, "నెట్ పోయింది" అంటాడంతే.

నాకు తేలింది ఒకటి కాదు, రెండు జబ్బులు.

మొదటిది నత్తనడక. అందరం ఫోన్లు చార్జింగ్ కి పెట్టగానే ఫోటోల బ్యాకప్ మొదలయ్యేది. మా ప్లాన్ లో డౌన్‌లోడ్ వంద, అప్‌లోడ్ ఇరవై. ఆ ఇరవై నిండగానే మొదటి మజిలీ పింగ్ 4 మిల్లీసెకన్ల నుంచి 700కి వెళ్ళేది. కారణం, డబ్బాలో ఉన్న పెద్ద బఫర్. పంపలేని ప్యాకెట్లని పారేయకుండా క్యూలో పోగేస్తుంది. గేమ్ వాడి చిన్న ప్యాకెట్ ఆ ఫోటోలన్నిటి వెనకా నిలబడాలి, పెళ్ళిభోజనాల బంతి వెనక మంచినీళ్ళు అడిగేవాడిలా. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు, 2010-11 లో జిమ్ గెటిస్ దీని గురించి ఊరూరా చాటింపు వేశాడు. 2012లో కాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ మందు కూడా కనిపెట్టారు, కోడెల్ అని. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్ఎఫ్‌సీ గా వచ్చింది. ఫ్రీ మందు! అయినా మా వాళ్ళిచ్చిన డబ్బాలో అది లేదు, పెట్టుకుందామంటే సెట్టింగ్స్ కి తాళం. అటక మీదున్న పాత రౌటర్ దింపి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి, డబ్బా వెనక తగిలించి, అప్‌లోడ్ ని 18కి కట్టేశాను. ఇంటి పరికరాలన్నీ దీని గుండానే పోవాలి, డబ్బా వైఫై ఆపెయ్యాలి, లేకపోతే ప్రయోజనం లేదు. ఇప్పుడు బ్యాకప్ నడుస్తున్నా పింగ్ ఇరవై దాటట్లేదు. ఖర్చు సున్నా.

"గేమింగ్ రౌటర్" కొనమన్న పెద్దలకి ఒక నమస్కారం. ఎనిమిది కొమ్ములూ, ఎర్ర లైట్లూ, పద్నాలుగు వేలూ. కొమ్ములు వైఫైకి పనికొస్తాయేమో, తెగే లైన్ ని అతకవు. డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టమన్నవాళ్ళకి ఇంకోటి. డీఎన్ఎస్ పని సర్వర్ చిరునామా చెప్పడం వరకే, కనెక్షన్ కలిశాక దానికి అందులో పాత్ర లేదు. డీఎంజెడ్ లో పెట్టెయ్ అన్నవాళ్ళకి మాత్రం నమస్కారం లేదు. అది వీధి తలుపు పీకి పక్కన పెట్టే సలహా.

రెండో జబ్బు అసలుది. డబ్బాలో సిస్టమ్ లాగ్ అని ఒక పేజీ ఉంటుంది, తాళం వెయ్యడం మర్చిపోయారు. అందులో చూస్తే పీపీపీఓఈ సెషన్ సరిగ్గా 24 గంటలకోసారి తెగి, మళ్ళీ కలుస్తోంది. నిన్న 9:40, ఇవాళ 9:41. మొదట్లో ఒకరోజు రాత్రి కరెంటు పోయి వచ్చింది ఆ వేళకే, అక్కడ మొదలైంది ఆ గడియారం. నేను కంప్లెయింట్ చేసిన ప్రతిసారీ కస్టమర్ కేర్ ఏం చెప్పేది? "ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్." నేను చేసేవాణ్ణి, పడిన వెంటనే, అంటే మళ్ళీ పది లోపే. గడియారం మళ్ళీ సున్నా నుంచి. రేపు మళ్ళీ అదే వేళకి పడటానికి ముహూర్తం వాళ్ళే పెడుతున్నారు, నా చేత్తో పెట్టిస్తున్నారు.

మరి యూట్యూబ్ ఎందుకు వస్తోందంటారా? తెగి కలవడానికి పట్టేది కొన్ని సెకన్లే. వీడియో అరనిమిషం సరుకు ముందే దాచుకుని ఉంటుంది, అయిపోయేలోగా కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. వెబ్ పేజీ అయితే అసలు గమనించదు. గేమ్ అలా కాదు. నా చిరునామా, నా పోర్ట్, వాళ్ళ చిరునామా, వాళ్ళ పోర్ట్, ఈ నాలుగూ కలిస్తేనే ఒక టీసీపీ కనెక్షన్. సెషన్ మళ్ళీ కలిశాక బయటికి కనిపించే నా చిరునామా మారిపోతే లండన్ సర్వర్ కి నేనెవరో కొత్త మనిషిని. వీపీఎన్ కీ అదే గతి పట్టింది. అంటే "యూట్యూబ్ వస్తోందా" అన్నది ఈ జబ్బు ఎప్పటికీ దొరకని ప్రశ్న. జ్వరం ఉందా అని చూడటానికి ఎత్తు కొలిచినట్టు. ప్రభుత్వం మాత్రం తక్కువ తిందా? 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్ కి పెంచారు. ఇంటరాక్టివ్ సేవలకి పనికిరావాలన్న మాట అందులో ఉంది గానీ, అంకె మాత్రం డౌన్‌లోడ్ వేగానికి ఒక్కదానికే ఉంది.

అన్నట్టు పోర్ట్ ఫార్వర్డింగ్ గురించి. రౌటర్ పేజీలో కనిపించే మీ చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే బయట కనిపించే చిరునామా మీతోపాటు ఇంకెందరిదో. ఐపీవీ4 చిరునామాల మూలనిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది, ఆసియా-పసిఫిక్ వాటా ఆ ఏప్రిల్ లోనే ఆఖరి దిమ్మకి చేరింది. 2012లో ఈ 100.64 దిమ్మని దీనికోసమే కేటాయించారు. ఒక చిరునామాకి ఉండేవి 65,536 పోర్ట్‌లు. 64 ఇళ్ళకి పంచితే ఇంటికి 1,024. టీవీ, ఫోన్లు, పేజీకి పదుల కొద్దీ కనెక్షన్లు... సాయంత్రానికి మూడో ఎకౌంట్ లాగిన్ కాకపోవడంలో వింతేముంది? ఈ స్థితిలో మీ రౌటర్ లో పోర్ట్ తెరవడం, అపార్ట్‌మెంట్ గేటుకి తాళం వేసుండగా మీ ఫ్లాట్ తలుపు తీసి చుట్టాల కోసం ఎదురు చూడటమే. పైగా ఈవ్ లాంటి గేమ్ లో కనెక్షన్ మొదలుపెట్టేది మనమే, పోర్ట్ తెరవాల్సిన పనే లేదు. ఇంట్లో రెండు ఎక్స్‌బాక్స్‌లు ఉండి రెండూ 3074 పోర్టే కావాలని కొట్టుకుంటుంటే ఆ గొడవ వేరు.

నాకు ఇంతకన్నా ఒళ్ళు మండేది ఇంకోటి. మా బావమరిది వేరే గేమ్ ఆడతాడు, ఒక్కటే ఎకౌంట్. "ఒకే చిరునామా నుంచి చాలా ఎకౌంట్లు" అని వాడిని లాక్ చేశారు. ఆ చాలామంది ఎవరో వాడికి తెలీదు, వాడి కాలనీలోనే ఎక్కడో ఉంటారు. చిరునామా పంచింది ఇంటర్నెట్ వాడు, శిక్ష వేసింది గేమ్ వాడు, మధ్యలో నాలుగేళ్ళ ఆట పోయింది వీడికి. పంచిన చిరునామా ఇస్తున్నామని ప్లాన్ అమ్మేటప్పుడే ఒక్క ముక్క చెప్పొచ్చుగా! చెప్పరు. కావాలంటే స్టాటిక్ ఐపీ కి నెలనెలా విడిగా కట్టమంటారు.

ఎనిమిదో కంప్లెయింట్ కి ఫోన్ కాకుండా మనిషే వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. లాగ్ చూపించాను, పింగ్ ఫైల్ చూపించాను. శ్రద్ధగా చూశాడు. తర్వాత స్పీడ్ టెస్ట్ చేసి ఫోటో తీసుకున్నాడు. "ఇదెందుకు బాబూ, స్పీడ్ గురించి కాదుగా నా గోల?" అన్నాను. "టిక్కెట్ క్లోజ్ అవ్వాలంటే యాప్ లో ఈ ఫోటో పెట్టాలి సార్, మీ పింగ్ పెట్టడానికి గడి లేదు" అన్నాడు. 24 గంటల సంగతి అడిగితే, అది పైన సర్వర్ లో పెట్టుకున్నదనీ, తన చేతిలో లేదనీ నిజమే చెప్పాడు.

అందుకని ప్రస్తుతానికి డబ్బా ప్లగ్గుకి మూడొందల యాభై పెట్టి టైమర్ తగిలించాను. తెల్లవారుజామున నాలుగింటికి ఆగి, నాలుగూ ఐదుకి వెలుగుతుంది. ఇప్పుడు సెషన్ తెగేది మేమంతా నిద్రలో ఉన్నప్పుడు. మూడు వారాలైంది, కాల్స్ పడలేదు, ఓడలు పడలేదు. టిక్కెట్ మాత్రం "పరిష్కరించబడినది" అని క్లోజ్ చేశారు, స్పీడ్ టెస్ట్ ఫోటోతో సహా. ఆ కుర్రాడు వెళ్తూ వెళ్తూ ఆ టైమర్ ఎక్కడ కొన్నారని అడిగి, దాని ఫోటో కూడా తీసుకున్నాడు. రోజుకి నాలుగైదు ఇళ్ళలో ఇదే గోలట.